ఆ ఫోను ఎవరికి అవసరం?

(తాగుడు సమస్య ఉన్న కుటుంబాల కోసం పట్టణ గ్రంథాలయంలో ఆదివారం జరిగిన సభలో, మత్తు విమోచన వార్డులో పనిచేసే ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డారు. రండమ్మా, ముందుకు రండి. ముందు కూర్చున్నంత మాత్రాన మీ ఇంటి సంగతి బయటపడిపోదు. ఇక్కడికి వచ్చిన అందరి ఇళ్లలోనూ ఎవరో ఒకరు తాగుతున్నారు. అందుకే కదా వచ్చాం.

నన్ను మాట్లాడమన్న విషయం చిన్నది. ఏఏ మీటింగు ఎక్కడ జరుగుతుందో ఎలా కనుక్కోవాలి? అంతే. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు తమలో తాము పెట్టుకున్న సంఘం. అడ్రసు చెబితే సరిపోయేదానికి ప్రసంగం ఎందుకు అంటారా? అడ్రసు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, నిజమే. కానీ మా వార్డు నుంచి ఇంటికి వెళ్లేవాళ్లకు మందుల చీటీతో పాటు మీటింగు అడ్రసు కూడా రాసి ఇస్తాం. ఆ చీటీ చాలాసార్లు చొక్కా జేబులోనే ఉండి చాకిరేవుకు పోతుంది. మళ్లీ తాగి మళ్లీ వార్డుకు వచ్చినప్పుడు, "మీటింగుకు వెళ్లారా?" అని అడుగుతాను. "లేదు మేడం. ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఫోను చేసి ఏమని చెప్పుకోను? వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకు?" అంటారు. చదువుకున్నవాళ్లూ ఇదే అంటారు, చదువు లేనివాళ్లూ ఇదే అంటారు. ఈ ఇబ్బంది సంగతి తేల్చకుండా నేను అడ్రసు చెప్పినా లాభం లేదు.

అందుకని ముందు ఒక ఫోను గురించి చెప్తాను. 1935 సంవత్సరం. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అనే ఊరు. టైర్ల ఫ్యాక్టరీలకు పేరు పొందిన ఊరు. న్యూయార్క్ నుంచి బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఒక కంపెనీ వ్యవహారం మీద అక్కడికి వచ్చాడు. తాగుడుతో అన్నీ పోగొట్టుకుని, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, అంతకు ముందు డిసెంబరులోనే మానేసిన మనిషి. వచ్చిన పని చెడిపోయింది. జేబులో డబ్బు లేదు. మేఫ్లవర్ అనే హోటల్లో, మే నెల శనివారం సాయంత్రం, లాబీలో ఒంటరిగా అటూ ఇటూ నడుస్తున్నాడు. ఒకవైపు బార్ ఉంది, లోపల నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇంకోవైపు టెలిఫోను ఉంది, పక్కన ఊళ్లోని చర్చిల వివరాలున్న బోర్డు. ఇప్పుడు చెప్పండి, ఆయన ఫోను ఎందుకు తీశాడు? "నన్ను కాపాడండి" అని అడగడానికా?

కాదు. "మీ ఊళ్లో బాగా తాగే మనిషి ఎవరైనా ఉంటే చూపించండి, నేను అతనితో మాట్లాడాలి" అని అడగడానికి. ఎందుకంటే అంతకు ముందు అయిదారు నెలలుగా న్యూయార్క్‌లో తాగుబోతుల వెంట పడి మానమని చెప్పాడు. ఒక్కరూ మానలేదు. కానీ వాళ్లతో మాట్లాడుతున్నన్ని రోజులూ తను మాత్రం తాగలేదు. ఆ సంగతి ఆ హోటల్లో గుర్తుకొచ్చింది. ఒక పాస్టరు గారికి ఫోను చేశాడు, ఆయన కొన్ని పేర్లు ఇచ్చాడు, వాటిని పట్టుకుని ఒకరి తర్వాత ఒకరికి చేసుకుంటూ పోతే చివరికి హెన్రియెటా సైబర్లింగ్ అనే ఆవిడ దొరికింది. "నాకు తెలిసిన డాక్టరు ఒకాయన ఉన్నాడు, రేపు మా ఇంటికి రండి" అంది. ఆ డాక్టరే రాబర్ట్ స్మిత్, శస్త్రచికిత్స చేసే సర్జన్. మరునాడు భార్యతో కలిసి వచ్చాడు, ముందురోజు తాగింది ఇంకా దిగలేదు. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనని భార్య దగ్గర ముందే మాట తీసుకున్నాడు. సాయంత్రం అయిదుకు వచ్చినవాడు రాత్రి పదకొండు దాటాక లేచాడు.

ఎందుకు అంతసేపు కూర్చున్నాడు? ఆయన డాక్టరు. కాలేయం గురించి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నీతులు భార్య చెప్తూనే ఉంది. కానీ ఈ వచ్చిన మనిషి నీతి చెప్పలేదు, తను ఎలా తాగేవాడో చెప్పాడు. సీసాలు ఎక్కడెక్కడ దాచేవాడో, ఏమేమి అబద్ధాలు ఆడేవాడో చెప్పాడు. తన కథే ఎదుటివాడి నోట వింటే ఎవరు మాత్రం లేచి వెళ్తారు? ఆ తర్వాత కూడా డాక్టరు గారు ఒకసారి జారారు. చివరిసారి తాగింది జూన్ 10న. ఆ రోజునే ఏఏ పుట్టినరోజు అంటారు. ఇద్దరూ వెంటనే చేసిన పని ఏమిటో తెలుసా? ఊళ్లోని ఆసుపత్రికి వెళ్లి మూడో మనిషిని వెతుక్కున్నారు.

నేను ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, మీ ఫోను ఎత్తే మనిషి ఆ వరస మనిషే. మీరు ఫోను చేస్తే ఆయనకు ఇబ్బంది కాదు. ఆయన ఈ రోజు తాగకుండా ఉండటానికి మీ ఫోను ఆయనకు అవసరం. మొహమాటానికి చెప్తున్న మాట కాదిది. ఆ సంఘం నడిచేదే ఇలా. అర్ధరాత్రి చేసినా విసుక్కోకుండా మాట్లాడతారెందుకని చాలామంది ఆశ్చర్యపోతారు. ఉచితంగా వచ్చేదాన్ని మనం అనుమానిస్తాం కదా, "వీళ్లకు ఏం లాభం?" అంటాం. లాభం ఉంది. అది ఇదే.

మన దేశానికి ఈ సంఘం 1950లలో వచ్చింది. బొంబాయిలో వేళ్లూనుకుంది. ఇప్పుడు కూడా జాతీయ సేవా కార్యాలయం ముంబైలోనే ఉంది. మన రాష్ట్రాల్లో హైదరాబాద్, సికింద్రాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి నగరాల్లో గ్రూపులు ఉన్నాయి, చిన్న పట్టణాల్లో కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల లేవు. లేని ఊరి సంగతి తర్వాత చెప్తాను.

ఎలా వెతకాలి? ఏఏ ఇండియా వాళ్ల వెబ్‌సైటులో ఊరు పేరు కొట్టి చూడొచ్చు, హెల్ప్‌లైను నంబరు కూడా అక్కడే ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, గ్రూపులు గదులు మారుతుంటాయి, వేళలు మారుతుంటాయి. జాబితా చూసి నేరుగా బయల్దేరి, తాళం వేసిన గేటు చూసి వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. మానాలని ధైర్యం చేసి వచ్చిన మనిషికి ఆ తాళం ఎదురైతే ఎటు వెళ్తాడో నేను చెప్పక్కర్లేదు, దారిలో వైన్ షాపు ఉండనే ఉంటుంది. కాబట్టి వెళ్లే రోజు ఫోను చేసి వెళ్లండి. ఇంటర్నెట్టు తెలియనివాళ్లు ప్రభుత్వ నంబరు 14446కు చేయండి, మత్తు విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టినది. మనసు బాగోలేదు, చచ్చిపోవాలనిపిస్తోంది అంటే 14416, టెలీ మానస్. ఇంకో దారి, మీకు దగ్గర్లోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఎర్రగడ్డ, విశాఖపట్నం లాంటి చోట్ల అవుట్‌పేషెంట్ విభాగంలో సోషల్ వర్కర్‌ను అడగండి. డాక్టరును అడిగితే మందులు రాస్తారు, సోషల్ వర్కర్‌ను అడిగితే ఏ వారం ఎక్కడ జరుగుతుందో చెప్తారు. డాక్టర్లు నా మీద కోప్పడకూడదు, వరుసలో అంతమంది నిలబడి ఉంటే వాళ్లకు మాత్రం తీరిక ఎక్కడిది?

ఫోను చేశాక ఏమి అడగాలి? చాలామంది అక్కడే తడబడతారు. "నాకు తాగుడు సమస్య ఉంది, మీటింగుకు రావాలనుకుంటున్నాను" అంటే చాలు. ఇంటి పేరు చెప్పక్కర్లేదు, ఉద్యోగం చెప్పక్కర్లేదు. తర్వాత అడగండి: ఏ భాషలో జరుగుతుంది? నగరాల్లో కొన్ని ఇంగ్లిషులో, కొన్ని హిందీలో, కొన్ని తెలుగులో ఉంటాయి. భాష రాని మీటింగులో గంటన్నర కూర్చుని "నాకు పనికిరాలేదు" అంటే ఎలా? ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని అడగండి. ఓపెన్ అంటే ఇంట్లోవాళ్లు కూడా రావచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. భార్యను వెంటబెట్టుకుని క్లోజ్డ్ మీటింగుకు వెళ్తే ఆవిడ బయట బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుంది. చివరగా, "గేటు దగ్గర ఎవరైనా ఉంటారా?" అని అడగండి. ఉంటామనే అంటారు. ఆ ఒక్క ప్రశ్నతో సగం భయం పోతుంది.

ఇంకో విషయం. ఫోను ఎవరు చేయాలి? తాగే మనిషే చేయాలి. అమ్మా, మీరు నంబరు వెతికి పెట్టండి, రీఛార్జి చేయించండి, పక్కన కూర్చోండి. మాట మాత్రం ఆయన్నే మాట్లాడనివ్వండి. మీరు మాట్లాడితే అవతలివాళ్లు మర్యాదగా విని, "ఒకసారి ఆయనకు ఇస్తారా?" అంటారు. ఆయన చేయనంటే? అప్పుడు మీరు చేయండి, కానీ మీ కోసం చేయండి. దాని సంగతికి వస్తాను.

దానికన్నా ముందు ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటి ఉంది. జాగ్రత్తగా వినండి, వెనకవాళ్లు కూడా. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపిస్తాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, మనుషుల్ని గుర్తుపట్టరు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తారు. అది గాలీ కాదు, ధూళీ కాదు. డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు. ఆసుపత్రిలో అయితే మందులతో, విటమిన్ బి1 ఇంజక్షన్లతో దాటించేస్తారు. ఆ ఆక్రన్ డాక్టరు చివరిసారి తాగిన రోజు, అంటే ఆయన ఆపరేషన్ చేయాల్సిన రోజు ఉదయం, చేతులు వణకకుండా బిల్ విల్సనే ఒక బీరు ఇచ్చాడట. అప్పట్లో వాళ్లకు తెలిసిన వైద్యం అదే. మనకు ఇప్పుడు అంతకన్నా మంచిది ఉంది, వాడుకోండి. కల్తీ కల్లు తాగేవాళ్లకు కూడా ఇదే మాట. అందులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం లాంటివి కలుపుతారు, అవి ఆగినా ఫిట్స్ వస్తాయి. ముందు డాక్టరు, తర్వాత మీటింగు. లేదా రెండూ ఒకే వారంలో. మీటింగు మాత్రం డాక్టరుకు బదులు కాదు.

అలాగే తాగుడు మాన్పిస్తుందని అమ్మే ఆ పొడి. మీలో ఎవరైనా కొన్నారా? చేతులు ఎత్తక్కర్లేదు. "తెలియకుండా సాంబారులో కలిపి పెట్టండి, వారంలో మానేస్తాడు" అని బస్సుల మీద కాగితాలు అంటిస్తారు. వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, తెలియక దాని మీద మద్యం తాగిన మనిషికి ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాడైతే అక్కడికక్కడే ప్రమాదం. ఆ మందును డాక్టర్లూ వాడతారు, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి వాడతారు. చెప్పకుండా ఎవరికీ ఏమీ కలపకండి. దయచేసి.

సరే, మీటింగులోకి వెళ్దాం. లోపల ఎలా ఉంటుంది? సినిమాల్లో చూపించినట్టు ఏమీ ఉండదు. స్కూలు గదో, చర్చి పక్కన హాలో, పది పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు. మేకుకు తగిలించిన ఒక గుడ్డ బ్యానరు ఉంటుంది, దాని మీద పన్నెండు మెట్లు, అంటే తాగుడు మానడానికి ఏఏ వాళ్లు అనుసరించే పన్నెండు సూత్రాలు, రాసి ఉంటాయి. మీటింగు అయ్యాక దాన్ని చుట్టి ఎవరో ఒకరు స్కూటరు మీద ఇంటికి తీసుకుపోతారు. టీ ఫ్లాస్కు ఉంటుంది, చిన్న కాగితం కప్పులు. ఈ వారం ఒకాయన చైర్‌పర్సన్, వచ్చే వారం ఇంకొకరు, పెద్దరికం ఎవరికీ లేదు. ఒక కార్డు చదివి మొదలుపెడతారు. తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని, తమ కథ చెప్తారు. దాన్ని షేరింగ్ అంటారు. మధ్యలో ఎవరూ ఆపరు, సలహాలివ్వరు, ఎదురు ప్రశ్నలు వేయరు. మన ఇళ్లలో ఒక మనిషి అయిదు నిమిషాలు ఎవరూ అడ్డు రాకుండా మాట్లాడగలడా? కొత్తగా వచ్చినవాళ్లు మాట్లాడకపోయినా ఫరవాలేదు, "ఈ రోజు వింటాను" అంటే సరే అంటారు. రిజిస్టరు లేదు, సంతకం లేదు, ఫోటో లేదు. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలనే కోరిక, అంతే. మానేసి రావాలని కూడా కాదు.

చివర్లో ఒక సంచి తిప్పుతారు. ఎవరికి తోచినంత వాళ్లు వేస్తారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. టీకి, గది అద్దెకు అది. బయటివాళ్ల నుంచి చందా తీసుకోకూడదని వాళ్ల నియమం, ప్రభుత్వం ఇస్తానన్నా వద్దంటారు. కాబట్టి "ఏఏ పేరు మీద ఇన్ని వేలు కట్టండి" అని ఎవరైనా అన్నారంటే అది ఏఏ కాదు. ఇంట్లోకి వచ్చి మనిషిని కాళ్లూ చేతులూ పట్టి వ్యానులో ఎక్కించుకుపోయే సెంటర్లు కూడా ఉన్నాయి, అవీ ఏఏ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బు కట్టే ముందు రసీదు కాదు, రిజిస్ట్రేషన్ అడగండి.

"చర్చిలో జరుగుతుందటగా, మతం మారుస్తారా?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. మార్చరు. గది తక్కువ అద్దెకు దొరికింది కాబట్టి అక్కడ పెట్టుకున్నారు. పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది, నిజమే. "మేము అర్థం చేసుకున్న దేవుడు" అని ఉంది. ఒకరికి అది వెంకన్న, ఒకరికి అల్లా, ఒకరికి ఆ గదిలోని మనుషులే. అదీ మింగుడు పడకపోతే దేవుడి ప్రసక్తి లేకుండా నడిచే స్మార్ట్ రికవరీ లాంటివి ఇంటర్నెట్టులో ఉన్నాయి. ఏదో ఒకచోట కూర్చోవడం ముఖ్యం.

ఇక మీకు తెలిసిన విషయం ఒకటి అడుగుతాను. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టని మనుషులు మీ వీధిలో లేరా? ఉన్నారు. కొండ దిగి, మాల తీసిన వారానికే మళ్లీ పాత చోటే కనిపిస్తారు. అందరూ "చూశారా, దేవుడంటే భయం, అందుకే మానాడు" అంటారు. నేను ఇంకోలా చూస్తాను. ఆ నలభై ఒక్క రోజులూ తెల్లవారుజామున లేపే స్వాములు ఉన్నారు, సాయంత్రం భజనకు కూర్చునే చోటు ఉంది, నిన్న తాగుబోతు అన్నవాళ్లే ఈ రోజు "స్వామీ" అని పిలుస్తున్నారు. తాగే వేళకు సరిగ్గా వెళ్లడానికి ఒక చోటు ఉంది. మాల తీయగానే ఆ మనుషులూ పోయారు, ఆ చోటూ పోయింది. సాయంత్రం ఏడు గంటలు మాత్రం అలాగే ఉంది. మీటింగులు సాయంత్రాలు ఎందుకు పెడతారనుకుంటున్నారు? మాల వేసేవాళ్లకు ఒక్క మనవి, రోజూ తాగేవారైతే వేసే ముందు డాక్టరుకు చూపించుకోండి. దీక్షలో మూడో రోజు ఫిట్స్‌తో మా వార్డుకు వచ్చినవాళ్లున్నారు.

ఇదంతా పనిచేస్తుందా అని అడగండి, అడగాలి. 2020లో, వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ ఇరవై ఏడు అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండటం విషయంలో, ఏఏకు క్రమపద్ధతిలో చేర్పించే చికిత్స ఇతర చికిత్సలతో సమానంగా, చాలాచోట్ల అంతకన్నా మెరుగ్గా పనిచేస్తుందని తేలింది. అందరికీ పనిచేస్తుందని ఎవరూ అనలేదు. మన దేశంలో అసలు చిక్కు వేరు. కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది? ఫోను చేయనివాళ్లు, ఎవరికి చేయాలో తెలియనివాళ్లు.

మన ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించినవాళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైంది ఆ పోరాటం, రోసమ్మ గారి పేరు మీకు తెలుసు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. దుకాణం మూయించడానికి ఊరంతా కదిలింది. మానిన మనిషి పక్కన సాయంత్రం కూర్చోవడానికి ఎంతమంది ఉన్నారు? ఆ పని అప్పుడు ఎవరికీ తోచలేదు. తప్పు పట్టడం కాదు, ఇప్పుడైనా తోచాలని.

ఇప్పుడు మీ సంగతి. ఆయన రానంటే మీరు వెళ్లండి. ఏఏకు కాదు, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఉన్న ఆల్-అనాన్‌కు. బిల్ విల్సన్ భార్య లోయిస్, ఇంకొకావిడ కలిసి 1951లో పెట్టింది అది. ఏఏ సభ్యులు లోపల మీటింగులో ఉంటే ఇంటివాళ్లు వంటింట్లో కూర్చుని మాట్లాడుకునేవాళ్లట, అలా పుట్టింది. అక్కడ ఆయన్ను ఎలా మాన్పించాలో చెప్పరు. ఆయన తాగినా మీరు ఎలా నిలబడాలో మాట్లాడుకుంటారు. ఆయన ఆఫీసుకు మీరు ఫోను చేసి "జ్వరం, రాలేరు" అని అబద్ధం చెప్పడం ఎప్పుడు ఆపాలో అక్కడ తెలుస్తుంది. పిల్లల కోసం ఆలటీన్ ఉంది.

తాగే ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఉన్నారు. గదిలో అందరూ మగవాళ్లే ఉంటారేమోనన్న భయంతో రారు. ఫోనులో "మహిళా సభ్యులతో మాట్లాడాలి" అని అడగండి, కలుపుతారు. కోవిడ్ తర్వాత ఆన్‌లైన్ మీటింగులు బాగా పెరిగాయి, కెమెరా ఆపుకుని కూర్చోవచ్చు. గ్రూపు లేని ఊరివాళ్లకూ అదే దారి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మీ అబ్బాయి ఉంటే అక్కడ మీటింగ్ గైడ్ అనే యాప్ ఉంది, ఏఏ వాళ్లదే, దగ్గర్లో ఈ రోజు ఎన్ని గంటలకు ఎక్కడ ఉందో చూపిస్తుంది. వీసా పోతుందేమో, ఆఫీసులో తెలుస్తుందేమో అని అక్కడి పిల్లలు భయపడతారు. అక్కడా రిజిస్టరు ఉండదని చెప్పండి.

ఒక్క మీటింగు చూసి తేల్చేయకండి. ఒక గ్రూపులో ముసలివాళ్లే ఉండొచ్చు, ఇంకోదాంట్లో ఒకాయనే అరగంట మాట్లాడేయొచ్చు, ఉంటారు అలాంటివాళ్లు. వేరే గ్రూపు చూడండి, వేరే రోజు చూడండి. అయిదారు మీటింగులు అయ్యాక మాట్లాడదాం. మధ్యలో జారితే మరుసటి రోజు వెళ్లండి, ఎవరూ మొహం తిప్పుకోరు. వాసన వస్తున్నా కూర్చోనిస్తారు, గొడవ చేయకపోతే చాలు.

ఇంతకు ముందు చీటీ పంపిన తమ్ముడూ, "మానేసి పదేళ్లయినవాళ్లు ఇంకా ఎందుకు వస్తారు?" అని రాశావు. ఆ హోటల్ లాబీ కథ విన్నావుగా. నువ్వు వస్తావని వస్తారు. బయట బల్ల దగ్గర ఇద్దరు సభ్యులు కూర్చున్నారు, పేర్లు అడగకండి, వాళ్ల ఫోను నంబర్లు చీటీల మీద రాసి పెట్టారు, తీసుకోండి. కాలేయం పరీక్షల గురించి అడిగినవాళ్లు కాస్త ఆగండి, డాక్టరు గారు మాట్లాడతారు.